నిద్రపోయిన రంగు

చలికాలంలో ఆ జొన్నచేల మధ్య దొడ్డికి పొద్దెక్కినా మంచు విడవదు. గడ్డివామి పక్కన లింగన్న అనే ముసలి ఎద్దు ఒక కన్ను మూసుకుని నెమరేస్తుంటాడు. ఆయనకి మెలకువకీ కలకీ పెద్ద తేడా తెలియదు, తెలుసుకోవాలన్న తొందరా లేదు.

ఆ వామిలోనే సింగారి అనే మూడురంగుల పిల్లి ఒక్కగానొక్క కూతుర్ని కంది. తల్లికి తెల్లటి ఒంట్లో కంటి మీద నలుపు, నడుం మీద ఇటుకరంగు. పిల్లకీ ఒళ్ళు తెలుపే, తోకంతా నలుపు, నుదుట మాత్రం ఇటుకరంగు చుక్క.

పిల్ల కాస్త గెంతులు నేర్వగానే గుంటనక్క కంచె దగ్గరికొచ్చింది. లింగన్న కొమ్ములుండగా లాక్కుపోవడం కుదరదు కనక నోటినే నమ్ముకుంది.

"లింగన్న బావా, దొడ్డి కట్టుబాటు నీకు తెలియంది కాదు. ఇక్కడ పుట్టనిది అడవిది. ఈ పిల్లని సింగారి ఎక్కణ్ణించో ఎత్తుకొచ్చింది. తల్లి మచ్చల్తో ఒక్కటైనా కలిసిందా చూడు."

సింగారి బిడ్డని కాళ్ళ మధ్యకి లాక్కుంది. కన్నప్పుడు చూసినవాళ్ళెవరూ లేరు మరి. "నా బిడ్డే మామా. చుక్క అక్కడెందుకు పడిందో నాకేం తెలుసు?" అని ఏడ్చింది.

"ఎవరికీ తెలియదమ్మా," అన్నాడు లింగన్న, కలలోంచి మాట్లాడుతున్నట్టు. "కడుపులో ఆవగింజంత ఉన్నప్పుడు, ఒంట్లో ఒక్కో రేణువులో తల్లిచ్చిన రంగూ తండ్రిచ్చిన రంగూ రెండూ ఉంటాయి. ఏది మేలుకోవాలో చెప్పేవాళ్ళుండరు. తోచినట్టు ఒకటి నిద్రపోతుంది. ఆ రేణువుకి పుట్టినవీ, వాటికి పుట్టినవీ ఇక ఆ నిద్ర చెడగొట్టవు."

నక్క నవ్వింది. "అంటే అంతా గాలివాటమే కదా. గాలికొచ్చింది గాలికే పోవాలి. ఆ చుక్క పీకండి. నెల్లాళ్ళ గడువులో మళ్ళీ ఇటుకరంగే మొలిస్తే ఈ గడప తొక్కను. నల్లగా మొలిస్తే పిల్ల నాది."

"సరే," అన్నాడు లింగన్న. సింగారి ఆయనకేసి చూసింది, కళ్ళు మూసుకుంది, బిడ్డ నుదుటి బొచ్చు పంటితో పీకింది.

నెల్లాళ్ళు ఆ తల్లికి కునుకు లేదు. ఏ రంగు మొలుస్తుందో చూసే ధైర్యంలేక, కళ్ళు మూసుకుని ఆ బోడి నుదురు నాకుతూనే గడిపింది.

గడువునాటి పొద్దున నక్క దారిలో మంచె కింద ఆగి, కావలివాళ్ళ ఆరిన పొయ్యి మసిలో ముందుకాలు అద్దుకుని మరీ వచ్చింది. పిల్ల నుదుట మొలిచిన బొచ్చు ఎవరూ చూడకముందే, "ఏదీ, చూడనీ నా బంగారుతల్లిని," అంటూ మంచులోంచి ఆ కాలు చాపి నిమిరింది. నుదురు నల్లగా తేలింది.

"చూశారుగా," అంది నక్క.

సింగారి బిడ్డని పొట్టకి అదుముకుంది. ఏం చెయ్యాలో తోచక, నెల్లాళ్ళ అలవాటుకొద్దీ ఏడుస్తూనే బిడ్డ నుదురు నాకింది. నాలుక నల్లబడింది. నుదుట ఇటుకరంగు చుక్క బయటపడింది.

"కాలెత్తు నక్కా," అన్నాడు లింగన్న, రెండో కన్ను కూడా తెరిచి. నక్క ఎత్తలేదు. "పులిని చూసి వాతలు పెట్టుకున్న వంశం మీది. రంగుల జోలి మీకు అచ్చిరాదు, వెళ్ళు."

నక్క వెళ్ళింది. మంచుకి తడిసిన గడ్డి మీద నాలుగడుగులకొక నల్లటి అడుగు మిగిలింది.

"తాతా, నేను మళ్ళీ పుడితే ఇదే చుక్క పడుతుందా?" అంది పిల్ల.

"పడకపోవచ్చమ్మా. పడ్డది మాత్రం పోదు," అని లింగన్న మళ్ళీ కలలోకి జారుకున్నాడు.

మసి పూసి మారేడుకాయ చెయ్యొచ్చు గానీ, ఒళ్ళు గుర్తుపెట్టుకున్న రంగుని మార్చలేం.