అచ్చియ్యమ్మ పురిటిగది గోడ

ఇటు తిరిగి పడుకో. కళ్ళు మూసుకున్నావా, మూసుకున్నట్టు నటిస్తున్నావా? నిన్ను నమ్మడానికి లేదమ్మా. సరే, ఊఁ కొడుతూ ఉండు.

అనగా అనగా, కాలవగట్టు పక్కన ఒక ఊళ్ళో అచ్చియ్యమ్మ అని ఒకావిడ ఉండేది. మనిషి మంచిదే కానీ ఒళ్ళంతా అనుమానమే. పాలు పొంగిపోతే పిల్లిని అనుమానించేది. చారులో తనే ఉప్పు ఎక్కువ వేసి, పక్కింటివాళ్ళ మీద పడేది.

ఆవిడకి వరహాలని ఒక్కగానొక్క కూతురు. ఆ పిల్లకి తొలిచూలు. పురిటికి పుట్టింటికి రావాలి కదా! అందుకని అచ్చియ్యమ్మ పురిటిగదికి కొత్తగా మట్టిగోడ పెట్టింది. సాయానికి మంగతాయారు వచ్చింది. ఆవిడెవరనుకున్నావ్? అచ్చియ్యమ్మ చిన్ననాటి నేస్తం, ఆ ఊరి మంత్రసాని. ఊళ్ళో పిల్లలందరూ ఆవిడ చేతుల్లోనే భూమ్మీద పడ్డారు. ఇద్దరూ కలిసి మట్టి తొక్కి, ఊక కలిపి, గోడకి లోపలా బయటా మెత్తారు. పైపైన ఆరగానే రెండువైపులా తెల్లగా వెల్ల వేశారు.

ఎంత బావుందో! అచ్చియ్యమ్మ మురిసిపోయింది. వెంటనే భయమూ వేసింది. ఎవరైనా వచ్చి తాకితేనో? గీకితేనో? అప్పుడు కిటికీ మూసి, తలుపేసి, తాళం పెట్టేసింది.

ఆ తర్వాత ఓ రోజు తలుపు తీస్తే ఏముంది! లోపలివైపు వెల్ల పొక్కులు పొక్కులుగా లేచి, కాల్చిన అప్పడంలా పెళపెళా ఊడుతోంది. "ఇది మేక పనే!" అంది అచ్చియ్యమ్మ. తాళం వేసిన గదిలోకి మేకెలా వచ్చిందని ఆవిడ అడగలేదు, నువ్వూ అడగకు.

మేకని దొడ్డి అవతలికి తోలేసి, ఈసారి వెల్ల చిక్కగా వేసింది. కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కి, మళ్ళీ తాళం పెట్టింది. ఆ తర్వాత చూస్తే అరచెయ్యంత పెచ్చులు ఊడి కిందపడున్నాయి. "సున్నంలో బూడిద కలిపాడు వెధవ!" అని సంతలో సున్నం అమ్మేవాణ్ణి నిలబెట్టి కడిగేసింది. వాడు లబోదిబోమన్నాడు పాపం.

మూడోసారి వెల్లలో తుమ్మజిగురు కలిపింది. "ఇక ఎలా ఊడుతుందో నేనూ చూస్తా" అంది. తలుపు సందులకి కూడా పేడ మెత్తేసింది. ఆ తర్వాత తీస్తే పొక్కుల్లేవు, పెచ్చుల్లేవు. వెల్లంతా దుప్పటిలా ముడతలు పడి, గోడ మధ్యలో ఇంత లావున ఉబ్బిపోయింది. వేలితో ముట్టుకుందో లేదో, మట్టిని కూడా పెళ్ళగించుకుని దబ్బున కూలింది.

అప్పుడు అచ్చియ్యమ్మకి మంగతాయారు మీద అనుమానం పుట్టింది. "నా ఇంట్లో తిరిగేది నువ్వొక్కదానివే! నీకు పిల్లల్లేరు. నా కూతురు కంటోందని కళ్ళల్లో నిప్పులు పోసుకున్నావు!" అనేసింది.

ఎంతమాటందో చూడు! చెబుతుంటే నాకే ఒళ్ళు మండుతోంది. మంగతాయారు చెంగుతో మొహం తుడుచుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు.

ఆ తర్వాత వరహాలు నిండు నెలలతో బండి దిగింది. గోడ సంగతంతా విని, "అదేంటమ్మా, బయటవైపు వెల్ల నిక్షేపంలా ఉందిగా? మేకలు రాసుకుంటున్నాయి, పిల్లలు బంతి కొడుతున్నారు. ఎవరూ తాకని లోపలివైపే ఎందుకూడింది?" అంది.

అచ్చియ్యమ్మ బయటికెళ్ళి గోడ తట్టి చూసింది. ఎండా గాలీ తగిలి గట్టిపడి ఉంది. లోపలికొచ్చి నొక్కింది. వేలు దిగబడిపోయింది. తలుపులన్నీ బిగిస్తే మట్టి ఎలా ఆరుతుంది? తడంతా లోపలే ఉండిపోయి, మెత్తటి మట్టి మీది పలచటి పూతని పైకి తోసేసింది. పూత గట్టిదయ్యేకొద్దీ ఇంకా పెద్ద పెచ్చుగా లేచింది. మేకా కాదు, సున్నంవాడూ కాదు, మంగతాయారు అసలే కాదు. అచ్చియ్యమ్మకి తల కొట్టేసినట్టయింది.

సరిగ్గా అప్పుడే "అమ్మా!" అని వరహాలు కేకపెట్టింది. నొప్పులు! మరి మంత్రసాని ఏదీ?

అచ్చియ్యమ్మ కొప్పు ఊడిపోతున్నా చూసుకోకుండా వీధిలో పరుగెత్తింది. మంగతాయారు గుమ్మంలో కూలబడింది. "తాయారూ, గోడ పాడుచేసింది నేనేనే! తలుపులు బిగించి నేనే పాడుచేశాను. నిన్నలా అన్నందుకు నా నోరు పడిపోను! నా మీద కోపం నా మీదే ఉంచు. పిల్లని కాపాడు" అని ఏడ్చింది.

"నీ సంగతి తర్వాత చెబుతా, పద" అని మంగతాయారు చెంగు బిగించింది. గదిలో అడుగుపెడుతూనే, "ముందా కిటికీ తియ్యవే! పిల్లకి ఊపిరాడద్దూ?" అని కసిరింది.

పొద్దు వాలకముందే చక్కటి ఆడపిల్ల పుట్టింది. మంగతాయారు పిల్లని తుడిచి, అచ్చియ్యమ్మ ముందుకి చేతులు చాపింది. "ఇదిగో, తీసుకో. నీ వస్తువు నీకిచ్చేశా. రేపు ఏదైనా అయితే నన్నంటావు" అంది.

అచ్చియ్యమ్మ తీసుకోలేదు. "నీ దగ్గరే ఉండనీ. నేను వేణ్ణీళ్ళు కాచుకొస్తా" అని, వెనక్కి తిరిగి చూడకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది.

అన్నాళ్ళూ ఆ మాటని కడుపులోనే దాచుకున్న మంగతాయారు, అప్పుడు పిల్లని గుండెకి అదుముకుని బావురుమని ఏడ్చింది.

కథేమో కంచికి నడిచింది,
కంట్లో కునుకు ఒదిగింది,
మనమూ ఇంటికి వచ్చేశాం,
మాటలు మాని బజ్జుందాం!