ఖాళీ కూత

"మాస్టారూ, ఈ టీములో నేనేటి?"

లోవరాజు ఈ మాట అడిగేసరికి గవరయ్య మాస్టారు వంగుని కబడ్డీ కోర్టుకి గీతలు వేస్తున్నారు. పొద్దున్న ఆరు గంటలు. చేతిలో పాత పాలడబ్బా, అడుగున మేకుతో కొట్టిన చిల్లులు, లోపల ముగ్గుపిండి. ఆయన డబ్బాని తట్టుకుంటూ నడిస్తే వెనకాల తెల్లగా గీత పడేది. మా కోర్టు కొబ్బరిపీచు మిల్లు వెనకాల ఉంటాది. నేలంతా గోధుమరంగు పీచుపొట్టు, ఎంత గట్టిగా పడినా దెబ్బ తగలదు. ఆయన ముప్పై ఏళ్ళు హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి, రిటైరయ్యాక కూడా రోజూ వచ్చి మాకు ఆట నేర్పించేవారు. కానీ ఆ డబ్బా మాత్రం ఇంకొకరి చేతికి ఇచ్చింది లేదు. "ఇలా ఇవ్వండి మాస్టారూ, మేం వేస్తాం" అంటే, "మీరేస్తే గీత మీకు కావలసిన వైపు వంగుద్దిరా" అనేవారు.

ఆయనకి ఇంకో అలవాటుంది. అడిగినదానికి జవాబు చెప్పరు. కూతకి వెళ్ళే మా రైడరు నూకరాజు ఒకసారి, "కూతలో ఊపిరి ఎక్కువసేపు నిలబడాలంటే ఏం చెయ్యాలి మాస్టారూ" అని అడిగాడు. ఆయన వాణ్ణి వారం రోజులు పొద్దున్నే తన ఇంటికి పిలిపించుకుని, గొట్టం చేతికిచ్చి, కట్టెల పొయ్యి ఊదమన్నారు. వారమయ్యాక నూకరాజుకి ఊపిరొచ్చిందో లేదో గానీ, ఇంకెప్పుడూ ప్రశ్న అడగలేదు.

అందుకే లోవరాజు నోరు తెరవగానే మేమందరం వాడి వైపు జాలిగా చూశాం.

మాస్టారు తల ఎత్తకుండానే, "ఇప్పుడెందుకొచ్చిందిరా ఆ అనుమానం?" అన్నారు.

"మీ పుస్తకం చూశాను మాస్టారూ. అబ్బులన్నయ్య పేరు పక్కన కార్నరు అని రాశారు. నూకరాజన్న పేరు పక్కన రైడరు అని రాశారు. అందరికీ ఏదోటి రాశారు. నా పేరు పక్కన ఏమీ లేదు."

"పెన్సిలు అరిగిపోయుంటాది."

మేం నవ్వాం. వాడు నవ్వలేదు. అప్పుడు చూశాం, కోర్టు పక్కన పీచు మూటల మీద వాడి బ్యాగు. జిప్పు పట్టనంతగా సర్ది ఉంది. కాకినాడలో ఒక క్లబ్బు వాళ్ళు వాడికి కబురు పెట్టారని ఊళ్ళో అనుకుంటున్నారు. మా టీములోకి వచ్చెయ్, ప్రతి మేచ్‌లోనూ మొదటి రైడరువి నువ్వే, ఆదివారం పదింటి బస్సుకి వస్తే సరి, రాకపోతే ఇంకొకణ్ణి చూసుకుంటాం అన్నారట. ఆ ఆదివారం ఇదే.

వాడి బాధ ఏంటో మాకు తెలుసు. కబడ్డీలో కూతకి వెళ్ళడమంటే ఒక్కడే గీత దాటి, ఏడుగురి మధ్యకి పోయి, ఎవర్నైనా ముట్టుకుని, దొరక్కుండా తిరిగి రావాలి. వరసగా రెండు కూతలు ఎవర్నీ ముట్టకుండా ఖాళీగా వచ్చినా పర్లేదు. మూడోది కూడా ఖాళీ అయితే వెళ్ళినవాడు ఔటు. ఆ మూడో కూత ఎప్పుడూ నూకరాజుదే. లోవరాజు మొదట్లో పట్టేవాళ్ళలో ఉండేవాడు. చివర నిలబడే కార్నరు ఔటైతే కార్నర్లో, మధ్యవాడు ఔటైతే మధ్యలో, ఎక్కడ చోటు ఖాళీ అయితే అక్కడ. ఈ ఏడాది నుంచి మాస్టారు వాణ్ణి ముందు రెండు కూతలకీ పంపించడం మొదలెట్టారు.

"వెళ్ళి ఏం చెయ్యమంటారు మాస్టారూ?" అని వాడు మొదటిరోజే అడిగాడు.

"తిరిగి రా" అన్నారాయన.

అంతే చేసేవాడు. అవతలికి వెళ్ళి, ఈ చివర నుంచి ఆ చివరకి వాళ్ళందర్నీ పరిగెత్తించి, ఎవర్నీ ముట్టకుండా వచ్చేసేవాడు. వస్తూ వస్తూ నూకరాజు చెవిలో ఒక ముక్క చెప్పేవాడు. "కుడి కార్నరు, మోకాలు" అనో, "మధ్యవాడు ఆయాసపడతన్నాడు" అనో. నూకరాజు మూడో కూతకి తిన్నగా అక్కడికే పోయి పాయింటు తెచ్చేవాడు. ఈలలన్నీ నూకరాజుకి. మొన్న అమ్మవారి తీర్థంలో జరిగిన పోటీల్లో మైకు పట్టుకున్నాయన నూకరాజు వెళ్ళినప్పుడల్లా గొంతు చించుకున్నాడు. లోవరాజు వెళ్ళినప్పుడు మాత్రం, "వెళ్ళారు..." అని ఊరుకుని, కాసేపాగి, "వచ్చారు" అనేవాడు. ఆ రోజు నుంచీ మేం వాణ్ణి వెళ్ళొచ్చా అని పిలవడం మొదలెట్టాం. "ఒరే వెళ్ళొచ్చా, టీ తాగుదాం రా." "వెళ్ళొచ్చా, నీ పెళ్ళికి కూడా ఇలాగే వెళ్ళొచ్చేస్తావా?" వాడు నవ్వేవాడు. నవ్వుతున్నాడు కదా అని మేం ఇంకా అనేవాళ్ళం.

మాస్టారు గీత మధ్యలో ఆగారు. నడుం పట్టుకుని లేచారు. డబ్బా తీసుకెళ్ళి లోవరాజు చేతిలో పెట్టారు.

అబ్బులు నోట్లో వేపపుల్ల నమలడం ఆగిపోయింది.

"మిగిలిన గీతలు నువ్వెయ్యి. వేశాక ఇవాళ ఆడొద్దు. నడిమి గీత దగ్గర, కోర్టు బయట కూర్చో. మనవాళ్ళు ఎవడైనా చెయ్యి చాపి, అక్కడ ఇంకో చెయ్యి దొరక్కపోతే, ముగ్గుతో ఒక గీత గియ్యి. ఎవడిది వాడికి."

"అడిగినదానికి చెప్పండి మాస్టారూ. నాకు పదింటికి బస్సు."

"ఆట ఎనిమిదింటికల్లా అయిపోద్ది."

ఆదివారం పూట రేవులో వేటకెళ్ళేవాళ్ళు మాతో ఆడ్డానికి వచ్చేవారు. వల లాగిన చేతులు వాళ్ళవి, చీలమండ పట్టుకున్నారంటే మన కాలు మనది కాదు. వాళ్ళ పెద్ద పోలయ్య మమ్మల్ని చూసి వేలు పెట్టి లెక్కపెట్టాడు.

"ఏటి మాస్టారూ, ఆరుగురేనా? పోనీ మావోణ్ణి ఒకణ్ణి ఇమ్మంటారా?"

"వద్దు పోలయ్యా. మా ఏడోవాడు లెక్కలు చూస్తన్నాడు."

పోలయ్యే మొదటి కూతకి వచ్చాడు. కూతకి వచ్చినవాడి మీద నుంచి కళ్ళు తియ్యకూడదు, అందుకని మేం పక్కవాణ్ణి చూడం. ఊరికే చెయ్యి చాపుతాం, అక్కడ చెయ్యి ఉంటాది. ఇద్దరం గొలుసులా పట్టుకుని మీద పడతాం. అబ్బులు కళ్ళు పోలయ్య మీద పెట్టి, చెయ్యి వెనక్కి చాపాడు. ఏమీ తగల్లేదు. ఇంకాస్త చాపాడు. అప్పటికే పోలయ్య వాడి మోకాలు తట్టేసి గీత దాటేశాడు.

"ఎవరి కోసం తడుముకుంటన్నావు బావా?" అన్నాడు.

బయట లోవరాజు ఒక గీత గీశాడు.

ఉన్నవాళ్ళం దగ్గరదగ్గరగా జరిగి నిలబడ్డాం. అయినా మా మధ్యన మనిషి పట్టే సందు ఒకటి మిగిలిపోతూనే ఉంది. దాన్ని కార్నరు పక్కన పూడిస్తే మధ్యలో తేలింది. మధ్యలో పూడిస్తే ఆ చివర తేలింది. పోలయ్య తమ్ముడు ఆ సందులోంచి పెళ్ళివారిల్లు చూడ్డానికొచ్చినట్టు తాపీగా వచ్చి, తాపీగా పోయాడు. "ఈ వాకిలి ఎప్పుడు పెట్టించారు?" అని అడిగాడు కూడా.

మా వైపు నుంచి కూతలన్నీ నూకరాజే వెళ్ళాల్సొచ్చింది. రెండు ఖాళీగా వచ్చాడు. మూడోదానికి బయల్దేరే ముందు గీత దగ్గర ఆగి, అలవాటు కొద్దీ తల పక్కకి వంచి చెవి పెట్టాడు. పక్కన ఎవరూ లేరు.

"గాలి ఏం చెప్పిందిరా?" అన్నాడు అబ్బులు.

నూకరాజు సిగ్గుపడి వెళ్ళి, పోలయ్య చేతిలో పడి, పీచుపొట్టు తిని వచ్చాడు.

"మాస్టారూ, చెవికి కూడా గీత గియ్యాలా?" అని అరిచాడు లోవరాజు.

"చేతులే చెప్పాను. చెవులు వదిలెయ్."

అంత ఓడుతున్నా ఎందుకో అందరికీ నవ్వొస్తోంది. నవ్వుకుంటూనే గింజుకున్నాం. ఎలాగోలా చివరికొచ్చేసరికి ఒక్క పాయింటు వెనకబడి ఉన్నాం. ఇంకొక్క కూత ఉంది. నూకరాజు వెళ్ళాడు. వెళ్తూనే ఇద్దర్ని ముట్టాడు! వెనక్కి తిరిగాడు. పోలయ్య చేప మీద పడ్డట్టు వాడి చీలమండ మీద పడ్డాడు. నూకరాజు బోర్లా పడి, పాకుతూ, చెయ్యి చాపాడు. నడిమి గీత ముట్టుకుంటే చాలు, గెలిచినట్టే. వేళ్ళకీ గీతకీ మధ్య జానెడు దూరం.

సరిగ్గా ఆ గీత చివరే లోవరాజు కూర్చున్నాడు. ఎప్పుడు లేచాడో మాకెవరికీ తెలీదు. అడ్డంగా పడ్డాడు, కోర్టు లోపలికి చెయ్యి చాపాడు, అరచెయ్యి పీచుపొట్టు మీద ఫట్టుమని పడింది. ఇంకో బెత్తెడు అయితే నూకరాజు వేళ్ళు వాడికి అందేవి. అప్పుడు వాడికి తను ఆడటం లేదని గుర్తొచ్చినట్టుంది, చెయ్యి చటుక్కున వెనక్కి లాక్కున్నాడు.

మాస్టారు విజిల్ ఊదారు.

"ఫౌలు! ఫౌలు!" పోలయ్య కింద కూర్చుని పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. "మాస్టారూ, మీ లెక్కలాయన లోపలికి దూకేశాడు!"

"చూశానయ్యా. ఆట మీదే."

నూకరాజు అలాగే బోర్లా పడుకుని, నోట్లో పొట్టు ఊసి, లోవరాజు వైపు చూసి, "వెళ్ళాను గానీ రాలేకపోయానురా" అన్నాడు. ఎప్పుడూ మాట చివర తగిలించే ఆ వెళ్ళొచ్చా అన్న ముక్క ఈసారి తగిలించలేదు.

"పోలయ్య ఇటుంటే ఇటే ఎందుకొచ్చావన్నా? ఆ చివరాయనకి నడుం పట్టేసింది. రెండు కూతల నుంచీ చూస్తన్నాను. చెబుదామంటే..." అని లోవరాజు ఆగిపోయాడు.

రేవువాళ్ళు చెంబులతో నీళ్ళు తాగి, ఇంకా నవ్వుకుంటూ వెళ్ళిపోయారు. మేం చెమట తుడుచుకుంటూ లోవరాజు చుట్టూ చేరాం. వాడి ముందు నేల మీద ఆరు వరసల్లో తెల్ల గీతలు.

"ఎన్నిరా?" అన్నారు మాస్టారు.

"ఇరవై మూడు మాస్టారూ."

"ఎవరెవరివి?"

"అబ్బులన్నయ్యవి ఏడు. నూకరాజన్నవి రెండు, ఆయన ఎక్కువ అవతలే ఉన్నాడు. వీడివి ఆరు." వీడు అంటే నేను. నేను ఒక్కసారే చాపానని ప్రమాణం చేసి చెప్పేవాణ్ణి, కానీ గీతలు అక్కడున్నాయి. "మిగిలిన ముగ్గురివీ ఎనిమిది. అందరివీ ఉన్నాయి మాస్టారూ. ఒక్కటీ లేనోడంటూ ఎవడూ లేడు."

చివరి మాటకి వాడి గొంతు తగ్గింది. అబ్బులు తన రెండు చేతులూ తిప్పి చూసుకుని, ఎక్కడ పెట్టుకోవాలో తెలీక లుంగీకి తుడుచుకున్నాడు.

"లెక్క ఏదీ వదల్లేదు కదా?"

"లేదు మాస్టారూ."

"బాగా చూసుకో."

"చూసుకున్నాను మాస్టారూ. ఇరవై మూడే."

మాస్టారు డబ్బా అందుకుని, నడిమి గీత వెంబడి మెల్లిగా నడిచారు. చివర్న ఆగి, మోకాళ్ళు పట్టుకుని గొంతుక్కూర్చున్నారు. కళ్ళజోడు పైకి తోసుకున్నారు. మేమూ వెళ్ళి వంగి చూశాం. గోధుమరంగు పొట్టు మీద, పక్క గీతకి లోపలి వైపున, ఐదు వేళ్ళూ అరచెయ్యీ అచ్చుగుద్దినట్టు ముగ్గుపిండితో తెల్లగా పడి ఉన్నాయి. మేం ఒకళ్ళ చేతులు ఒకళ్ళం చూసుకున్నాం. అందరివీ పొట్టురంగులో ఉన్నాయి. లోవరాజు కుడి చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు.

మాస్టారు వాడి వైపు చూడలేదు. మూటల మీదున్న బ్యాగు వైపు ఒకసారి చూసి, డబ్బా మళ్ళీ వాడికే చాపారు.

"ఇంకా ఎనిమిదే అయింది, బస్సుకి బోలెడు టైముంది. ఈ చెయ్యి ఎవరిదో కనుక్కుని, దానికీ ఒక గీత గీసి వెళ్ళు."