ఠాణేదారు చెప్పుల మట్టి

కోళ్ళ తెగులుకు వేరే కాళ్ళుండవు, మన కాళ్ళ మీదే ఊరూరూ తిరుగుతుంది. పూర్వం గుండ్లసీమలో ఈ సంగతి అందరికన్నా ముందు పసిగట్టింది కోళ్ళ సింగమ్మ. చుట్టుపక్కల పల్లెల్లో కోళ్ళన్నీ చచ్చిపోతుంటే, ఆమె తన దొడ్డి గుమ్మంలో సున్నపుతేట నింపిన తొట్టి పెట్టింది. ఎంతటివాళ్ళయినా చెప్పులు బయట విడిచి, అందులో కాళ్ళు ముంచి లోపలికి రావాలి.

ఒకనాడు ఠాణేదారు గజపతయ్య బండిలో దిగాడు. బండిలో బుట్ట, బుట్టలో అతని పందెం కోడి, డేగ పుంజు. దాన్ని నేల మీద కాలు పెట్టనిచ్చేవాడు కాదు.

"తెగులు ఊళ్ళన్నీ తనిఖీ చేసి వస్తున్నా. కోళ్ళ కోసం నేను కాళ్ళు కడగాలా? తప్పుకోవే!" అంటూ చెప్పులతోనే ముందుకొచ్చాడు.

"అలాగే దొరా, ఒక్క క్షణం," అని సింగమ్మ వంగి, అతని చెప్పుకంటిన మట్టిని పుల్లతో ఆకులోకి గీకింది. నేరుగా బండి దగ్గరికెళ్ళి బుట్ట మూత మీద చెయ్యి వేసింది.

"ఏయ్! ఏం చేస్తున్నావ్?"

"ఈ మట్టి మీ డేగ ముందు చల్లుతాను దొరా."

"మతిపోయిందా! చచ్చిన కోళ్ళ మధ్య తొక్కొచ్చిన మట్టి అది! నా పుంజు చస్తే?"

"మీకున్నది ఒక్క పుంజు. నాకు మూడు వందల పెట్టలు. వాటి మధ్యకు ఇదే మట్టి తీసుకెళ్తానంటిరి కదా!"

ఠాణేదారు చెప్పులు విడిచి, తొట్టిలో కాళ్ళు ముంచాడు.

"ఇంకాసేపు ఉంచండి," అంది సింగమ్మ. ఉంచాడు.

మరుసటేడు గుండ్లసీమలో ప్రతి పల్లెకూ కోడిపిల్లలు వెళ్ళింది ఆ దొడ్డి నుంచే.