ముట్టుకోనివ్వని గూడు

అనగనగా ఒక అడవి. ఎంత పెద్దదంటే, ఈ కొసన నేను తుమ్మితే ఆ కొసన ఏనుగులు "చిరంజీవ" అనేవి. నమ్మరా? సరే, ముందు వినండి.

ఆ అడవిలో వాగు మీదకి వంగిన ఈతచెట్టుకి గిజిగాళ్ల గూళ్లు. వాళ్లకో పద్ధతుంది. మగపిట్ట గూడు సగం అల్లి ఆపుద్ది. ఆడపిట్ట వచ్చి ముక్కుతో లాగి చూస్తది. ఊడకపోతేనే మిగతా సగం.

బుడ్డయ్య అనే గిజిగాడు సగం అల్లాడు. పెళ్లాం సూరమ్మకి గుడ్లు పెట్టే వేళయింది. మబ్బులేమో కమ్ముకొస్తన్నాయి.

అప్పుడొచ్చాడు గోరింక పోలయ్య, తళతళలాడే గూడొకటి మోసుకుంటా.

"ఇక అల్లే పనే లేదన్నా! 'గూడు కావాలి' అంటే చాలు, దానంతటదే అల్లుకుంటది. వానకి తడవదు, గాలికి ఊగదు, పాముకి కనపడదు! గంపెడు జొన్నలియ్యి, నీదే."

బుడ్డయ్య నోట్లో గడ్డిపోచ జారిపోయింది. "సూరీ, తీసుకుందామే! నా ముక్కు అరిగిపోయింది."

"తీసుకుందాం. ముందు లాగి చూస్తా."

"లాగడాలు పాతకాలం వదినా! చూడు, ముట్టుకోమాక. పక్కడవిలో అందరూ వీటిల్లోనే ఉంటన్నారు."

"మరి నువ్వెందులో ఉంటన్నావయ్యా?"

పోలయ్య దగ్గాడు. "నాదా... చెట్టు తొర్ర."

"ఎప్పుడూ అనుమానమేనా? నలుగురూ నవ్వుతారే!" అని బుడ్డయ్య విసుక్కున్నాడు.

సూరమ్మ ఒక పోచ లాగింది. పోచలు అంటించిన బంక సాగింది. ఇంకోటి లాగింది. ఒక పక్కంతా ఊడింది. మూడోది లాగేసరికి గూడు వాగులో పడి కొట్టుకుపోయింది.

"అది నమూనా వదినా! అసలుది వచ్చే వారం!"

"వాన ఇయ్యాళే వస్తంది కదయ్యా!"

సూరమ్మ లాగి సరేనన్న సగం గూడుని బుడ్డయ్య మళ్లీ అందుకున్నాడు. ఎంత జోరుగా అల్లాడంటే ముక్కులోంచి పొగలొచ్చాయి. విసనకర్రతో విసిరింది నేనే!

సూరమ్మ లోపల గుడ్లు పెట్టిందో లేదో, వాన దిగింది. చినుకొక్కోటి గుమ్మడికాయంత. ఇదిగో, నా నెత్తిన బొప్పి చూడండి. గూడు ఊగింది, ఊగింది, ఊడలా.

తొర్రలో నీళ్లు నిండి, పోలయ్య వణుకుతా వచ్చాడు.

"లోపలికి రావయ్యా, తడుస్తన్నావు," అంది సూరమ్మ.

తెరిపిచ్చాక బుడ్డయ్య గుడ్లు తడిమి చూశాడు. వెచ్చగా ఉన్నాయి. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"సూరీ, నిన్ను విసుక్కున్నాను. నువ్వు లాగబట్టే మన పిల్లలు మిగిలారు. నీ ముక్కుకి దణ్ణమే తల్లీ!"

పోలయ్య తలొంచుకున్నాడు. "నాకూ మేలు చేశావు వదినా. ఇంతకుముందే ఎవరన్నా లాగుంటే ఈ బంక పని ఎప్పుడో మానేసేవాణ్ణి."

ఇప్పుడు పోలయ్య వాళ్లకి గడ్డిపోచలు తెచ్చిస్తాడు. సూరమ్మ ఒక్కోటీ లాగి చూశాకే తీసుకుంటది. అతను నవ్వుతా నిలబడతాడు.

నీతి: ఎంత గొప్పగా చెప్పినా లాగి చూశాకే నమ్మాలి, మనకోసం లాగి చూసేవాళ్లని విసుక్కోకూడదు, దణ్ణం పెట్టుకోవాలి.