ఈరమ్మ ఎంచుకున్న ఉక్కు

నల్లవాగు అడవిలో దుప్పులు, ఏనుగులు, కొండముచ్చులు, ఏదుపందులు కలిసిమెలిసి ఉండేవి. అక్కడ కొలిమి ఉన్నది ఒక్క ఈరమ్మకే. ఈరమ్మ ఏదుపంది. తన చేతిపని అంటే ఆమెకు మహా గర్వం.

ఒక ఏడు గాలివానకు వెదురు పొదలు కూలి, కొండ మీదికి పోయే దారి మూసుకుపోయింది. వాగు పొంగితే పైకెక్కడానికి వేరే దారి లేదు.

"వెదురు నరకాలి. గట్టి కత్తి కావాలి" అంది ముసలి ఏనుగు.

"నేను చేస్తాగా!" అన్నాడు గంగులు అనే కొండముచ్చు. రోడ్డు పక్కన దొరికిన పల్చటి స్టీలు రేకు తెచ్చి, రాతి మీద నూరి, మధ్యాహ్నానికల్లా కత్తి చేసేశాడు. "చూడండి, అద్దంలా ఎలా మెరుస్తోందో! దీనికి తుప్పు పట్టదు" అని అడవంతా ఊరేగాడే గానీ, వెదురు జోలికి పోలేదు.

ఈరమ్మ లోయలోకి దిగింది. అక్కడ బోల్తాపడిన పాత లారీ ఉంది. దాని చక్రాల పైన బండి బరువు మోసే కమాను పట్టా ఒకటి ఊడదీసి, ఈడ్చుకొచ్చింది.

గంగులు పకపకా నవ్వాడు. "ఆ తుప్పు ముక్కతోనా అక్కా?"

"వేల గుంతల్లో బరువు మోసి, వంగి లేచిన ఉక్కు ఇది తమ్ముడూ. ఊరికే విరగదు."

ఆమె దాన్ని ఎర్రగా కాల్చి సాగగొట్టింది. మళ్లీ కాల్చి ఇప్పనూనెలో ముంచింది. పెళుసుతనం పోవడానికి సన్నసెగ మీద కాచింది. రెండు రోజులు పట్టింది.

మూడోరోజు వాగు పొంగింది. దుప్పి పిల్లల పొట్టల దాకా నీళ్లొచ్చాయి.

"నేనుండగా భయమెందుకు?" అంటూ గంగులు ముందుకు దూకాడు. మూడో దెబ్బకే అతని కత్తి తాటాకులా మడతపడింది. మణికట్టు బెణికి, అతను బురదలో కూలబడ్డాడు.

"జరుగు తమ్ముడూ!" అంటూ ఈరమ్మ వచ్చింది. దెబ్బకొక వెదురు తెగిపడింది. దారి తెరుచుకుంది. పిల్లలు ముందు, పెద్దలు వెనక, అందరూ కొండెక్కారు.

ఈరమ్మ కత్తి అంచును వెలుగుకు పెట్టి చూసుకుంది. ఒక్క నొక్కు కూడా లేదు. ఆమె ముళ్లన్నీ గర్వంగా నిక్కబొడుచుకున్నాయి.

"ఇలాంటి కత్తి ఈ అడవిలో ఎవరూ చేయలేదు" అంది ముసలి ఏనుగు.

"చేయలేరు కూడా అమ్మమ్మా, నేను ఇంకోటి చేసేదాకా!" అంది ఈరమ్మ.

గంగులు తల వంచుకుని దగ్గరికొచ్చాడు. "అక్కా, ఉక్కును ఎలా ఎంచాలో నాకూ నేర్పుతావా?"

"చెయ్యి నయం కానీ, నేర్పుతాను" అందామె.

నీతి: మెరుపు చూసి మురిసిపోకూడదు, బరువైన పనికి బరువు మోసిన ఉక్కునే ఎంచుకోవాలి.