కాళమ్మ పనిబల్ల

మీ తాతల తాతలకు ఇంకా పేర్లు పెట్టని కాలం. ఒక వాగు ఒడ్డున కర్రపని చేసే వడ్లోళ్ల వాడ ఉండేది. ఆ వాడలో పనిబల్ల అన్నదే లేదు. నేల మీద చతికిలబడటం, కర్రను కాలివేళ్లతో అదిమి పట్టడం, బాడిస ఎత్తి చెక్కడం, అంతే. దెబ్బ తప్పిందా, వేలు ఎగిరిపోయేది. సిగ్గుపడాల్సింది పోయి, తెగిన వేలు చూపించి మీసం దువ్వేవాళ్లు. ఏం రోగమో!

ఆ వాడలోనే కాళమ్మ ఉండేది. చెక్కపేళ్లు ఏరి పొయ్యిలోకి అమ్ముకుని బతికేది. వాళ్ల నాయన కాలిదెబ్బ చీము పట్టే పోయాడు. ఇక ఆమెకు మిగిలింది తమ్ముడు లింగాచారి ఒక్కడే. ఆ ఏడు వాడూ బాడిస పట్టాడు. కాళమ్మకు తిండి సహించలేదు.

"తమ్మీ, కర్రను బల్ల పట్టుకుంటది. నీ కాలెందుకు?"

"కాళ్లుండంగ బల్లెందుకక్కా? నలుగురు నవ్వుతరు."

"నవ్వనియ్యి. నేను చేస్త. ముందుగాల నేనే చెక్కి చూస్త. మంచిగుంటెనే నువ్వు ముట్టు."

మొదటిసారి పలచని చెక్కతో చేసింది. ఒక్క దెబ్బకే బల్ల ఊగి, పక్కకు ఒరిగింది. వాడంతా విరగబడి నవ్వింది. "కాళ్లుండంగ బల్లెందుకే కాళమ్మా?"

రెండోసారి తుమ్మమొద్దు దొర్లించుకొచ్చింది. నాలుగు కాళ్లూ ఎడంగా, బయటికి వాల్చి దిగ్గొట్టింది. తమ్ముణ్ణి నిలబెట్టి, వాడి పిడికిలి వేలాడే ఎత్తుకు బల్ల కొలిచింది. పైన రెండు ఇనుపసీలలు కొట్టి, వాటి నడుమ కర్ర బిగించింది. బల్ల కదల్లేదు. కానీ ఆమె చెక్కుతుంటే బాడిస జారి సీలకు తగిలింది. ఇనుపముక్క లేచి ఆమె ఎడమ కంట్లో పడింది. ఆ కన్ను పోయింది.

ఈసారి ఎవరూ నవ్వలేదు. లింగాచారి భోరున ఏడ్చాడు. "ఈ బల్లను పొయ్యిల పెడతనక్కా."

"ఆ ముక్క నీ కంట్ల పడేది తమ్మీ. అందుకే గద, ముందు నేను కొట్టింది. ఇంకొక్కపాలి చూడనియ్యి."

మూడోసారి ఇనుపసీలలు పీకేసింది. కర్రసీలలు దిగ్గొట్టింది, అవీ చెక్కే కర్ర కన్నా కిందికి ఉండేట్టు. ఒంటికన్నుతో బాడిస ఎత్తింది. అది మళ్లీ జారింది. సీలకు గాటు పడింది, అంతే.

"ఇగ రా తమ్మీ," అంది.

ఆనాటి నుంచి లింగాచారి ఆ బల్ల మీదే చెక్కాడు. వాడ మాత్రం మారలేదు. అంత మొండిఘటాలు. కాళమ్మ పోయింది. చాలా ఏళ్లకు ముసలి లింగాచారీ పోయాడు. శవానికి నీళ్లు పోస్తూ పెద్దలు కాళ్ల దగ్గర ఆగిపోయారు. పది వేళ్లూ ఉన్నాయి. ఆ వాడలో అలాంటి శవాన్ని ఎవరూ చూడలేదు. ఒకాయన కూర్చుని, తన కాలు తడుముకుని ఏడ్చాడు. పెద్దదినం దాటాక ఇంటింటా మొద్దులు దొర్లిన చప్పుడే.

ఇప్పటికీ అక్కడ బల్ల చేసినవాడే దాని మీద మొదటి దెబ్బ కొట్టాలి. పైన ఇనుము కనబడకూడదు. బాడిస ఎత్తే ముందు ఎంతటి పనివాడైనా "కాళమ్మా, పట్టు" అంటాడు. అని, రెండు కాళ్లూ వెనక్కి తీసుకుంటాడు.