కబురు దాచిన గోరువంక

గద్దలకోన అడవిలో దుప్పులు, కుందేళ్లు, ముళ్లపందులు, అడవికోళ్లు, ఇంకా లెక్కలేనన్ని పిట్టలు ఉండేవి. వేసవి వస్తే వాగు ఎండిపోయి నాలుగు మడుగులు మాత్రం మిగిలేవి. వేటగాళ్లకు ఆ సంగతి బాగా తెలుసు. రోజుకో మడుగు దగ్గర ఉచ్చులు పన్నేవారు. ఏ మడుగుకు వెళ్తే నీళ్లు తాగి ప్రాణాలతో తిరిగి రావచ్చో, ఎవరో ఒకరు ముందుగా ఎగిరి చూసి చెప్పాలి.

ఆ పని వాగీశం అనే గోరువంకది. పొద్దున్నే నాలుగు మడుగుల మీదుగా ఎగిరి వచ్చి ఒక చదునైన బండ మీద వాలేవాడు. "ఈరోజు దక్షిణపు మడుగుకు వెళ్లండి. తూర్పున ఉచ్చులున్నాయి" అనేవాడు. విన్నవాళ్లు ఊఁ అని చక్కా పోయేవారు.

అక్కడే వాగీశానికి కడుపు మండేది. రెక్కలు నొప్పెట్టేలా తిరిగి వస్తే రెప్పపాటైనా నిలబడరేం వీళ్లు? తన గొంతు ఎంత తీయగా ఉంటుందో ఒక్కరికైనా పట్టిందా? అదే నెమలి ఆడితే మధ్యాహ్నం దాకా నోరు తెరుచుకుని చూస్తారు. ఇలా కుమిలి కుమిలి, చివరికి ఒక ఉపాయం కనిపెట్టాడు. అబ్బో, మహా గొప్ప ఉపాయంలెండి.

ఆ అడవిలో ఒక మర్యాద ఉంది. కథ చెప్పేవాడికి ఊఁ కొట్టాలి. ఒకసారి ఊఁ కొట్టినవాళ్లు కథ అయ్యేదాకా లేవకూడదు. లేస్తే చెప్పేవాడిని ముఖం మీదే అవమానించినట్టు. వాగీశం ఆ మర్యాదను పట్టుకున్నాడు. మర్నాడు బండ మీద వాలి మడుగుల ఊసే ఎత్తకుండా, "అనగనగా ఒక ఏనుగుకు తొండం పోయింది" అన్నాడు. అందరూ ఊఁ అన్నారు. ఇంకేం, దొరికిపోయారు.

నీళ్ల కబురు చివర్లో. అంతవరకు కథ. ఇప్పుడు ఫోన్లలో 'చివరిదాకా చూడండి' అని ఊరిస్తారే, సరిగ్గా అదే పద్ధతి. ఉన్నమాట చెప్పాలి కదా, కథలు మాత్రం బాగుండేవి. వాగీశం రోజూ ఎన్ని ఊఁలు పడ్డాయో లెక్కపెట్టుకుని మురిసిపోయేవాడు. నీళ్ల కోసం వచ్చినవాళ్లు కథ కోసం వచ్చారని నమ్మేశాడు.

మడుగుల ఒడ్డున తిరిగే తీతువు పిట్ట ఒకసారి వచ్చి, నీళ్ల సంగతి ముందు చెప్పి ఆ తర్వాత కథ మొదలుపెట్టమంది. ఉండాలనుకున్నవాళ్లు ఉంటారు, పనున్నవాళ్లు పోతారు అంది. వాగీశం పకపకా నవ్వాడు. తీతువు అరుపంటేనే ఆ అడవిలో అపశకునం. అలాంటి గొంతు పెట్టుకుని తనకు బుద్ధులు చెప్పడమేమిటన్నాడు. తీతువు తన మడుగుల వైపు ఎగిరిపోయింది.

ఎండలు బాగా ముదిరాయి. ఒక రోజు మిన్నమ్మ అనే దుప్పి అందరికంటే ముందు బండ దగ్గరికి పరుగున వచ్చింది. ఇటీవలే పాలు మరిచిన దాని పిల్ల పొదలో పడుకుని ఉంది. ముందురోజు కథ సాయంత్రం దాకా సాగింది. పొద్దు వాలితే మడుగుల దగ్గర చిరుతలు తిరుగుతాయి. అందుకని ముందురోజంతా తల్లీపిల్లా నీళ్లు తాగనే లేదు.

"వాగీశం అన్నా, పిల్లకు నాలుక పిడచకట్టుకుపోయింది. ఏ మడుగో ఒక్క ముక్క చెప్పు, వెళ్లిపోతా" అంది.

ఆ ముక్క వాగీశానికి తెలుసు. దక్షిణపు మడుగు దగ్గర ఉచ్చులు పన్నుతుంటే అప్పుడే కళ్లారా చూసి వచ్చాడు. ఉత్తరపు మడుగు క్షేమం. చెప్పడానికి ఎంతసేపు? కానీ మిన్నమ్మ లేస్తే పక్కనున్న కుందేలు లేస్తుంది. దాన్ని చూసి అడవికోళ్లు లేస్తాయి. బండ చుట్టూ ఖాళీ అయిపోతుంది. పైగా ఆ రోజు కథ ఎన్నాళ్లుగానో అల్లుకున్నది.

"కూర్చో చెల్లీ, చివర్లో ఎలాగూ చెబుతాగా" అన్నాడు. అని, కథ ఎత్తుకున్నాడు.

అందరూ ఊఁ అన్నారు. అలవాటుకొద్దీ మిన్నమ్మ నోటి నుంచి కూడా వచ్చేసింది. ఇంక ఎలా లేస్తుంది? కాసేపు పొద వైపు చూస్తూ కూర్చుంది. తర్వాత చూడటం మానేసింది.

కథ మంచి పట్టులో ఉండగా దక్షిణం నుంచి తీతువు అరుపు వినిపించింది. గొంతు చించుకుని అరుస్తోంది. మంచి సమయంలో ఈ అపశకునం ఏమిటని అందరూ విసుక్కున్నారు. "మన కథకు తీతువు కూడా ఊఁ కొడుతోంది" అన్నాడు వాగీశం. అందరూ విరగబడి నవ్వారు. మిన్నమ్మ కూడా నవ్వింది.

ఎండ నడినెత్తికి వచ్చాక కథ ముగిసింది. అప్పుడు వాగీశం తీరిగ్గా రెక్కలు దులుపుకుని, దక్షిణపు మడుగు వైపు మాత్రం పోకండి అన్నాడు. మిన్నమ్మ ఉన్నపళాన పొదకు పరిగెత్తింది. పొదలో పిల్ల లేదు.

ఆ పిల్లకు తెలిసిన దారి దక్షిణపు మడుగుదే. అమ్మ ఎంతకీ రాకపోతే తనే బయలుదేరింది. మిన్నమ్మ వెళ్లేసరికి వేటగాళ్లు కూడా వచ్చి పోయారు. తీతువు ఒడ్డున కూర్చుని ఉంది. దాని గొంతు పూర్తిగా బొంగురుపోయింది. పిల్ల కాలు ఉచ్చులో పడ్డప్పటి నుంచి, తల్లికి వినబడాలని అలా అరుస్తూనే ఉన్నానని చెప్పింది.

మర్నాటి నుంచి బండ దగ్గరికి ఎవరూ రాలేదు. అందరూ తీతువు దగ్గరికే వెళ్లారు. అది రెండు మాటలు చెప్పి తన దారిన పోయేది. ఆ వేసవిలో మరెవరూ ఉచ్చులో పడలేదు. దాన్ని అపశకునం అనడం కూడా మానేశారు.

కొన్నాళ్లకు వాగీశం ఉండబట్టలేక మిన్నమ్మను వెతుక్కుంటూ వెళ్లాడు. తిడుతుంది, తరిమి కొడుతుంది, పడదాం అనుకున్నాడు. మిన్నమ్మ తల ఎత్తలేదు.

"నీ కథ బాగుందన్నా. ఎంత బాగుందంటే, పిల్ల సంగతే మరిచిపోయాను" అంది.

అంత మెప్పు వాగీశానికి ఎవరూ ఎప్పుడూ ఇవ్వలేదు. దాన్ని మోయలేక ఆ అడవి విడిచి వెళ్లిపోయాడు.

నీతి: అవసరం మీద వచ్చినవాళ్లకు కావలసిన మాట ముందు చెప్పాలి. వాళ్లను కూర్చోబెట్టుకోవడానికి దాన్ని దాచితే, కథ ఎంత బాగున్నా అది మోసమే.